చలికాలపు నడకలో పక్షులు బెదరకుండా ఎంత దూరంలో ఆగాలి?

ఈ చలికాలం మా దగ్గరి అభయారణ్యానికి అమ్మను తీసుకువెళ్లాలనుకుంటున్నాను. ఆమెకు మోకాళ్ల నొప్పులున్నా పక్షులంటే ప్రాణం. నా దిగులు పక్షుల గురించే. ఈకలు ఉబ్బించుకుని, ఒక కాలు పొట్టలోకి ముడుచుకుని ఒడ్డున నిలబడిన కొంగ, మనం కాస్త దగ్గరికి వెళ్లగానే లేచిపోతుంది. చలికి తట్టుకోవడానికి దాచుకున్న శక్తి అలా వృథా కావడం చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఎంత దూరంలో ఆగితే అవి బెదరవు? మెడ నిక్కించి చూడటం ఇక ముందుకు రావద్దనే సూచనేనా?

బైనాక్యులర్ కూడా కొనాలి. 10×42 రకంలో (పది రెట్లు పెద్దగా చూపేది, ముందు కటకం వెడల్పు 42 మి.మీ.) చేతి వణుకు ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అమ్మకు ఎనిమిది రెట్లు చూపే 8×42 మేలని నా ఉద్దేశం. సరైనదేనా? మంచుకు తడిసిన చెక్కబాట మీద జారకుండా ఎలాంటి బూట్లు మంచివి? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.