చికెన్ కైమా ఉండలు సూప్‌లో విడిపోతున్నాయి, ఏం చేయాలి?

మేం డల్లాస్‌లో ఉంటాం. పక్కింటి మెక్సికన్ ఆవిడ చేసే అల్బోండిగాస్ సూప్ అంటే మా పిల్లలకు ప్రాణం. టమాటా, క్యారెట్, బంగాళాదుంప వేసిన పల్చటి సూప్‌లో పుదీనా కలిపిన మాంసం ఉండలు. వాటిలో పచ్చి బియ్యం కూడా కలుపుతారు, అది సూప్‌లోనే ఉడుకుతుంది.

మేం బీఫ్ తినం. అందుకని అరకిలో చికెన్ కైమా, ఒక గుడ్డు, పావు కప్పు సోనామసూరి బియ్యంతో చేశాను. రుచి చక్కగా కుదిరింది కానీ, రెండుసార్లూ సగం ఉండలు విడిపోయి సూప్ గంజిలా అయింది.

మంట ఎక్కువైందా? బియ్యం ముందే నానబెట్టాలా? ఉండలు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి వేస్తే నిలుస్తాయా? మా అమ్మ కైమా ఉండల కూరకి పుట్నాల పొడి కలిపేది. ఇందులో వేస్తే పుదీనా రుచి పోతుందేమోనని భయం. చికెన్‌తో చేసినవాళ్లు కొలతలతో చెప్పండి, ప్లీజ్. ఆదివారం మళ్లీ చేయాలి.