ట్రైలర్ స్టీరింగ్ నిలబడట్లేదు: ముందు అలైన్‌మెంటా, ముందు జాకీయా?

హుజూరాబాద్ డ్రైవర్:
కరీంనగర్ క్వారీల నుంచి కాకినాడ పోర్టుకు గ్రానైట్ బ్లాకులు తోలే ట్రైలర్ నడుపుతున్నాను. వేగం 50 దాటిందంటే బండి రోడ్డు పట్టి పోవడం లేదు. ఒక పక్కకే లాగితే వేరే సంగతి, ఇది కాసేపు కుడికి, కాసేపు ఎడమకు పోతోంది, స్టీరింగ్ సరిచేస్తూనే ఉండాలి. హసన్‌పర్తి దగ్గర ఎదురుగా బస్సు వస్తే ఒకటే టెన్షన్. అలైన్‌మెంట్ (మెషీన్ మీద చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాం, తేడా లేదు. షెడ్డులో ఒకరు కింగ్ పిన్ (ముందు చక్రం అటూ ఇటూ తిరిగే నిలువు పిన్ను) అంటున్నారు, ఇంకొకరు స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ తిప్పుడును చక్రాలకు అందించే గేర్ల పెట్టె) అంటున్నారు. ముందు ఏది చూడాలి?

కరీంనగర్ ఓనర్:
అలైన్‌మెంట్ సరిగ్గా జరగలేదు తమ్మీ, ఇంకో చోట మళ్లీ చేయించండి. కింగ్ పిన్ అంటే ముందు ఇరుసు మొత్తం విప్పాలి, బుష్‌లు దించి కొత్తవి కొట్టాలి, బండి షెడ్డులో పడి ఉంటుంది, కిస్తీ మాత్రం ఆగదు. మెషీన్ అయితే కాగితం మీద లెక్క ఇస్తుంది. మెకానిక్ చేత్తో ఊపి చెప్పేదాన్ని నమ్మి పార్టులు మార్చుకుంటూ పోతే ఓనర్ బతకలేడు.

హన్మకొండ మెకానిక్:
అన్నా, మెషీన్ కొలిచేది ఆగి ఉన్న బండిని. బాల్ జాయింట్లు (స్టీరింగ్ రాడ్ల కొసల్లో ఉండే కీళ్లు), కింగ్ పిన్ బుష్‌లు అరిగి ఉంటే నిలబడినప్పుడు టో (ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయనే లెక్క) సరిగ్గానే కనిపిస్తుంది, రోడ్డెక్కాక టైర్ల మీద పడే లాగుడుకు ఆ లూజంతా వెనక్కి జరిగి చక్రాలు బయటికి విచ్చుకుంటాయి. టో లోపలికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెట్టి పంపినా అది నిలవదు. లూజు తీయకుండా అలైన్‌మెంట్ చేయడమంటే ఊగే కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తు కొలవడమే.

తమ్మీ, మొదట హార్స్‌ను (ముందుండి లాగే ఇంజిన్ బండిని) ట్రైలర్ నుంచి విడదీసి, అదే రోడ్డు మీద ఒట్టిగా నడిపి చూడు. బాగా పోతే తప్పు ఫిఫ్త్ వీల్‌లోనో (హార్స్ మీద ట్రైలర్ ఆనుకుని తిరిగే ప్లేటు) ట్రైలర్‌లోనో లోడులోనో ఉంది. ఫిఫ్త్ వీల్ ప్లేటు గ్రీజు లేక ఎండిపోతే హార్స్ సాఫీగా తిరగదు, పట్టి పట్టి వదులుతుంది, పైన కూర్చున్న నీకు అది స్టీరింగ్ రోగంలాగే అనిపిస్తుంది. ఒట్టి హార్స్ కూడా తూలితే అప్పుడు ఇరుసు కింద చూద్దాం. బండి బరువు నేల మీదే ఉంచి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి, ఒకరు స్టీరింగ్‌ను కొంచెం కొంచెం అటూ ఇటూ తిప్పుతుంటే నువ్వు పక్క నుంచి చూడు: డ్రాగ్ లింక్ (స్టీరింగ్ బాక్స్ నుంచి చక్రానికి వెళ్లే రాడ్డు), టై రాడ్ (రెండు ముందు చక్రాలను కలిపే రాడ్డు) ఎండ్లు, స్టీరింగ్ బాక్స్ బిగించిన బోల్టులు, కమాన్ (ఇరుసు మీద ఉండే పట్టీల స్ప్రింగు) యూ బోల్టులు. స్టీరింగ్ కదిలాక చక్రం ఆలస్యంగా కదులుతోందంటే ఆ మధ్యలో ఎక్కడో లూజు ఉంది. కమాన్ సెంటర్ బోల్ట్ తెగితే ఇరుసే పక్కకు జరుగుతుంది, అదీ చూడు. ముందు టైర్లలో ఒకటి రేడియల్, ఒకటి నైలాన్ ఉంటే ఇవన్నీ పక్కనపెట్టి మొదట ఆ టైరు మార్చు.

భూపాలపల్లి డ్రైవర్:
నేను బొగ్గు తోలతాను, గ్రానైట్ కూడా కొంతకాలం తోలాను. లోడు సంగతి ఎవరూ అడగలేదు. గ్రానైట్ ఒక ఘనపు మీటరుకు దాదాపు 2.7 టన్నులు తూగుతుంది, పెద్ద బ్లాకు ఒక్కటి కాస్త వెనక్కి జరిగినా హార్స్ మీద పడే బరువు మారిపోతుంది. ముందు ఇరుసు తేలికైతే ఏ పార్టు మార్చినా బండి తూలుతుంది. క్వారీలో క్రేన్ వాడు తొందరలో ఎక్కడ దించితే అక్కడే గొలుసు కట్టి బయలుదేరతారు చాలామంది. ఇంకోటి, హార్స్ వెనక కమాన్‌కు అదనపు పట్టీలు ఎక్కించారా? వెనక ఎత్తు పెరిగితే ముందు క్యాస్టర్ (కింగ్ పిన్ వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతుంది, తిప్పిన స్టీరింగ్ తనంతట తాను వెనక్కి రాదు.

కరీంనగర్ ఓనర్:
లోడు మాట ఒప్పుకుంటాను. కానీ ఇంత తతంగం ఎందుకు, స్టీరింగ్ బాక్స్ పైన స్క్రూ కొంచెం బిగిస్తే ప్లే (లూజు) పోతుంది కదా, ఎందరో అలాగే నడుపుతున్నారు.

హన్మకొండ మెకానిక్:
దయచేసి ఆ పని చేయకండి. ప్లే బాక్స్‌లోనే ఉందని తేలకుండా స్క్రూ బిగిస్తే లోపల గేర్లు మధ్యలోనే పట్టేస్తాయి, డ్రైవర్ కుడికి తిప్పితే కుడికే ఉండిపోతుంది, ఎడమకు లాగితే ఎడమకే ఉండిపోతుంది. ఉన్న తూలుడు పోదు, స్టీరింగ్ బరువెక్కుతుంది. డ్రాగ్ లింక్ విప్పి, బాక్స్‌ను సరిగ్గా సెంటర్‌లో పెట్టి, మాన్యువల్ ప్రకారం సరిచేయాల్సిన పని అది. రోడ్డు పక్కన స్పానర్‌తో చేసేది కాదు. నలభై టన్నుల బండిలో ఇద్దరు మనుషులు కూర్చుంటారన్నా.

హుజూరాబాద్ డ్రైవర్:
ట్రైలర్ విప్పి చూశాను. తూలుడు తగ్గింది, పోలేదు. ఫిఫ్త్ వీల్ నిజంగానే ఎండిపోయి ఉంది, గ్రీజు పెట్టాం. తర్వాత ముందు ఇరుసు జాకీ ఎత్తి చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఎడమది కదులుతోంది. అది హబ్ బేరింగ్ లూజు, బిగిస్తే చాలంటున్నారు మా ఓనర్. రేపే లోడు ఉంది.

హన్మకొండ మెకానిక్:
రేపు లోడు ఎత్తకు. వెనక చక్రాలకు దిమ్మెలు పెట్టి, ఇరుసు కింద స్టాండు పెట్టాకే కింద చెయ్యి పెట్టు. ఒకరిని బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపు. కదలిక పోతే బేరింగ్, పోకపోతే కింగ్ పిన్. ఫోన్‌లో వీడియో తీసి మీ ఓనర్‌కు పంపు. టైరు ఒక్కటే కాదు, ఇరుసు కొస కూడా అందులో కనిపించాలి, రెండింటి మధ్య ఎంత కదులుతోందో ఆయనకే అర్థమవుతుంది.