ముసురులో డ్రయ్యర్ ఇబ్బంది: రెండు గంటలు తిరిగినా బట్టల్లో చెమ్మ పోవడం లేదు

కొర్లగుంట అమ్మ:
తిరుపతిలో మళ్లీ ముసురు పట్టింది. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వినగానే నాకు బట్టల దిగులే. మాది మూడో అంతస్తు, ఎండ తగిలే బాల్కనీ లేదు, ఇంట్లో పసిపాప. అందుకే ఏడు కిలోల డ్రయ్యర్ తీసుకున్నాం. తడిగాలిని వెనుక గొట్టంలోంచి బయటకు వదిలే రకం. కొత్తలో తువాళ్లు కూడా పెళపెళలాడుతూ వచ్చేవి. ఇప్పుడు రెండు గంటలు తిరిగినా పాప గుడ్డల్లో చెమ్మ అలాగే ఉంటోంది. డ్రమ్ము తిరుగుతోంది, వేడి తగులుతోంది. నూగు పట్టే జాలీని ప్రతిసారీ దులుపుతున్నాను. చూడటానికి వచ్చిన సర్వీసు అబ్బాయి హీటరు మార్చాలంటున్నాడు. నిజంగా మార్చాలా?

బైరాగిపట్టెడ వాసి:
వేడి తగులుతోంది కదా, హీటరు జోలికి అప్పుడే పోవద్దు. వేడి చేసేది నీటిని ఆవిరిగా మార్చడమే. ఆ ఆవిరిని బయటకు నెట్టాల్సింది గాలి. దారి మూసుకుపోతే బట్టలు ఇడ్లీ పాత్రలో ఉన్నట్టే, ఎంతసేపైనా ఉడుకుతాయి గానీ ఆరవు. ఒక పరీక్ష చేయండి. ప్లగ్గు తీసి, యంత్రం వెనుక గొట్టాన్ని విడదీసి, కిటికీలన్నీ తెరిచి, కొద్ది బట్టలతో ఒక్కసారి నడపండి. అవి మామూలుగా ఆరితే లోపం గొట్టంలోదే. మీ గొట్టం ఎంత పొడవు, ఎన్ని మలుపులు? ముడతలు ముడతలుగా సాగే గొట్టమైతే ప్రతి ముడతలోనూ నూగు నిలుస్తుంది. ప్లాస్టిక్‌ది అయితే తీసేయండి, వేడికి మంచిది కాదు. నున్నటి లోహపు గొట్టం, వీలైనంత పొట్టిగా ఉంటే చాలు.

గిరింపేట మెకానిక్, చిత్తూరు:
పై మాట నూటికి నూరు పాళ్లు నిజం. దానికి తోడు వోల్టేజీ కూడా చూడండి. సాయంత్రం అన్ని ఇళ్లలో మోటార్లు నడిచే వేళకు కొన్ని వీధుల్లో 230 వోల్టులు 190కి పడిపోతాయి. హీటరు వేడి వోల్టేజీ వర్గాన్ని (వోల్టేజీని దానితోనే గుణిస్తే వచ్చేదాన్ని) బట్టి తగ్గుతుంది కాబట్టి 2000 వాట్ల హీటరు అప్పుడు ఇచ్చేది దాదాపు 1365 వాట్లే. అంటే వేడిలో మూడో వంతు మాయం. పొద్దున బాగా ఆరి, సాయంత్రం ఆరకపోతే యంత్రాన్ని తప్పుపట్టకండి. ప్లగ్గు 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి, ఎర్త్ ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వద్దే వద్దు. నడిచాక ప్లగ్గు పట్టుకుంటే కాలుతున్నా, సాకెట్ చుట్టూ నల్లబడినా వెంటనే ఆపేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంకొకటి. వాషింగ్ మెషిన్‌లో పిండే వేగం ఎంత పెడుతున్నారు? నిమిషానికి 1200 చుట్లు తిరిగితే మిగిలే నీరు, 600 చుట్లకు మిగిలే నీరు ఒకటి కాదు. మోటారు పిండగలిగిన నీటిని హీటరుతో ఆవిరి చేయడం కరెంటు బిల్లుకు చేటు. డ్రమ్మును కూడా నిండా కూరవద్దు, గాలి ఆడేలా చోటు ఉండాలి.

తిరుచానూరు రోడ్డు నుంచి:
మా ఇంట్లో బాధ వేరు. గంట చూపించిన యంత్రం మధ్యలోనే అయిపోయిందని ఆగిపోయేది, బట్టలు మాత్రం తడి. డ్రమ్ము లోపల తలుపు దగ్గర రెండు లోహపు పట్టీలు ఉంటాయి, తేమను కనిపెట్టేవి అవే. మాది బోరు నీళ్లు, ఉప్పు ఎక్కువ. దానికి తోడు బట్టలు మెత్తబడటానికి పోసే కండిషనర్. ఈ రెండూ కలిసి పట్టీల మీద జిడ్డు పొర కట్టాయి. వెనిగర్‌లో తడిపిన గుడ్డతో తుడిచాం, సరిపోయింది.

రేణిగుంట చెల్లి:
మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాది సెమీ ఆటోమేటిక్. పక్కన పిండే తొట్టి గుయ్‌మని మూలుగుతోంది గానీ తిరగడం లేదు.

గిరింపేట మెకానిక్, చిత్తూరు:
అమ్మా, ముందు ప్లగ్గు తీసి తొట్టిని చేత్తో తిప్పి చూడు. బిగుసుకుంటే చిన్న గుడ్డ ఏదో అంచులోంచి కిందికి జారి ఇరుక్కుంది, లేదా మూత తీసినప్పుడు పట్టే బ్రేకు వదలడం లేదు. తేలిగ్గా తిరుగుతూ, కరెంటు ఇస్తే మూలుగు ఒక్కటే వస్తే చాలాసార్లు మోటారుకు మొదటి ఊపు ఇచ్చే కెపాసిటర్ పోయి ఉంటుంది. అది ఖరీదైన సామాను కాదు, కానీ ప్లగ్గు తీసినా అందులో కరెంటు నిలిచి ఉంటుంది. నువ్వు తాకవద్దు, తెలిసినవాళ్లతో మార్పించు. మూలుగు కూడా లేకపోతే మూత కింది స్విచ్చి చూడమను.

కొర్లగుంట అమ్మ:
అన్నా, దొరికింది! గొట్టం విడదీసి నడిపితే బట్టలు చక్కగా ఆరాయి. మా ఆయన గొట్టం అవతలి కొస చూశారు. బిగించినవాళ్లు ఎలుకలు రాకుండా గోడ బయట సన్నటి ఇనుప జాలీ కొట్టి వెళ్లారు. దాని మీద నూగు మందంగా పట్టి, పూర్తిగా మూసుకుపోయింది. జాలీ తీసేశాం. హీటరు ఖర్చు తప్పింది, మీకందరికీ పుణ్యం ఉంటుంది. మరి ఇప్పుడు ఎలుకలు?

బైరాగిపట్టెడ వాసి:
సన్న జాలీ అక్కడ ఎప్పుడూ పెట్టకూడదు. గాలి వచ్చినప్పుడు తెరుచుకుని, ఆగగానే మూసుకునే రెక్క మూత పెట్టించండి. అశ్రద్ధ మాత్రం వద్దు, ఎలుక లోపలికి వస్తే డ్రమ్మును తిప్పే బెల్టును కొరికేస్తుంది. మోటారు శబ్దం వస్తూ డ్రమ్ము తిరగకపోతే చూడాల్సింది ఆ బెల్టునే.

కొంగారెడ్డిపల్లె టీచర్:
మా డ్రయ్యర్‌లో డ్రమ్ము తిరుగుతోంది, వేడి అసలు లేదు. ఒకాయన వచ్చి ఫ్యూజు పోయింది, తీగ నేరుగా కలిపేస్తే చాలు అన్నాడు. కలపమనాలా?

గిరింపేట మెకానిక్, చిత్తూరు:
వద్దు మేడం, దయచేసి ఒప్పుకోవద్దు. అది వేడి హద్దు దాటితే తెగిపోవడానికే పెట్టిన ఫ్యూజు. తీగ కలిపితే బట్టలు అంటుకున్నా హీటరు ఆగదు. అదే రకం కొత్త ఫ్యూజు వేయించండి. అది ఎందుకు తెగిందో కూడా చూడమనండి. చాలా ఇళ్లలో కారణం పై అక్క చెప్పినదే, గాలి దారి మూసుకుపోవడం. దారి శుభ్రం చేయకుండా ఫ్యూజు మారిస్తే మళ్లీ తెగుతుంది.

కార్తీకం కాబట్టి ఇంకో మాట. దీపాల నూనె తుడిచిన గుడ్డలు, వంటింటి జిడ్డు గుడ్డలు ఉతికినా సరే డ్రయ్యర్‌లో వేయకండి. నూలులో మిగిలిన నూనె వేడికి తనంతట తానే రాజుకోగలదు, కుప్పగా వదిలేస్తే మరీ ప్రమాదం. చివర్లో చల్లగాలి తిరిగే ఆ కొద్ది నిమిషాలు కూడా పూర్తి కానివ్వండి, మధ్యలో ఆపవద్దు.

కొర్లగుంట అమ్మ:
పాపకు నూనె రాసి స్నానం చేయిస్తాం. ఆ తువాళ్ల సంగతి?

గిరింపేట మెకానిక్, చిత్తూరు:
వేడినీళ్లలో సబ్బుతో ఉతికి వాసన చూడు అక్కా. నూనె వాసన వస్తే అవి డ్రయ్యర్‌లోకి వద్దు, ఫ్యాను కింద తీగ మీద విడివిడిగా ఆరెయ్యి.