అసాని తుపాను: అంచనా తప్పిందా, చెప్పిన తీరు తప్పిందా?

పెడన వాసి
మళ్లీ అల్పపీడనం అనేసరికి మా వాట్సాప్ గ్రూపులో 2022 మే నాటి గొడవ మొదలైంది. మర్చిపోయినవాళ్ల కోసం చెబుతున్నా. మే 8న తుపానుగా మారిన అసాని ఆ సాయంత్రానికే తీవ్ర తుపాను అయింది. మొదట్లో వాతావరణ శాఖ బులెటిన్లన్నీ ఒకటే మాట: ఉత్తరాంధ్ర, ఒడిశా తీరాల దగ్గరిదాకా వచ్చి, ఈశాన్యానికి తిరిగి, సముద్రంలోనే బలహీనపడుతుంది, తీరం దాటదు. తీరా 11 సాయంత్రం మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరం దాటింది. అప్పటికి బలం తగ్గి, తుపాను కన్నా కింది మెట్టు అయిన తీవ్ర వాయుగుండమే అయిందనుకోండి, గాలి గంటకు 55–65 కి.మీ. దాటలేదు. కానీ చివరి నిమిషంలో రెడ్ అలర్ట్, ఇంటర్ పరీక్ష వాయిదా, ఊరంతా టెన్షన్. దారి మారినందుకు నేను వాతావరణ శాఖను ఏమీ అనను. "దాటదు" అని అంత గట్టిగా ఎందుకు చెప్పాలి? అదీ నా ప్రశ్న.

మబ్బుల లెక్క
తుపాను తనంతట తాను మలుపు తిరగదండీ. ఉత్తరాది మీదుగా వచ్చే పడమటి గాలుల ద్రోణి (పొడవాటి అల్పపీడన పట్టీ) దాన్ని ఈశాన్యానికి లాగాలి. ఆ లాగుడు చాలకపోతే, పక్కనున్న అధిక పీడనం తోసినవైపే పోతుంది. ఇక అసాని బలం సంగతి. పైగాలులకూ కిందిగాలులకూ పొంతన లేదు, పొడిగాలి లోపలికి చొరబడుతోంది. ఈ రెండూ ఉంటే మామూలుగా తుపాను మబ్బు చెదిరిపోవాలి. కానీ మేలో మన సముద్రం 30 డిగ్రీల దాకా కాగి ఉంటుంది. పైనుంచి ఎంత నరికినా కింద నుంచి ఆవిరి అందుతూనే ఉంది. అందుకే 11 తెల్లవారేదాకా తీవ్ర తుపానుగానే నిలబడింది. దారి అంచనాలో 24 గంటల ముందే సగటున 75 కి.మీ. అటూఇటూ ఉంటుంది, రెండు రోజుల ముందైతే వంద దాటుతుంది. తీరానికి సమాంతరంగా వచ్చే తుపానుకు ఆ తేడా చాలు, దాటడమో దాటకపోవడమో తేలడానికి.

పెడన వాసి
సరిగ్గా అదే అంటున్నా. వంద కి.మీ. తేడా ఉంటుందని తెలిసినవాళ్లు "దాటదు" అని ఎలా అంటారు?

మబ్బుల లెక్క
బులెటిన్‌తో పాటు ఇచ్చే మ్యాపులో ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే గరాటు ఉంటుంది. తుపాను కేంద్రం అందులో ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. టీవీలవాళ్లు గరాటు తీసేసి మధ్యలో ఎర్ర బాణం ఒక్కటే గీస్తారు. మీరు చూసింది ఆ బాణం.

దాళ్వా రైతు
గరాటో బాణమో, మా కళ్లం దగ్గర లెక్క వేరండీ. మే రెండో వారమంటే దాళ్వా (రబీ వరి) కోతలైపోయి ధాన్యం రోడ్ల మీదా కళ్లాల్లోనూ ఉంటుంది. తేమ 17 శాతం లోపుంటేనే మద్దతు ధర. ఇంకో రెండు ఎండలు తగిలితే ఆ లెక్కకు దిగుతుంది. వాన వస్తుందని పచ్చిగా సంచుల్లోకి ఎత్తితే మిల్లులో తరుగు తీస్తారు. రాదని ఆరబెడితే ఇదిగో, ఇలా తడిసిపోతుంది. బరకం (టార్పాలిన్) కప్పితే సరిపోతుందనుకుంటారు పట్నంవాళ్లు. నీళ్లు పైనుంచే రావండీ, అడుగు నుంచి పాకుతాయి. రాశి కింద గడ్డి పరవాలి, చుట్టూ గాడి తవ్వాలి, బరకం అంచుల మీద మట్టి వేయాలి. కూలీలు దొరికితే పూట పని, దొరక్కపోతే రోజున్నర. అడుగు ధాన్యం రంగు మారిందా, మొలకొచ్చిందా, ఆ బస్తాల మొహం ఎవరూ చూడరు. "దాటదు" అన్న రోజున మా వీధిలో ఒక్కరూ గాడి తవ్వలేదు. "దాటొచ్చు కూడా" అన్న రెండు ముక్కలు వినిపించి ఉంటే సగం మందైనా తవ్వేవారు.

హుద్‌హుద్ చూసినదాన్ని
మరి రెండోవైపు? 2013లో లెహర్ అతి తీవ్ర తుపాను అన్నారు, మచిలీపట్నం చేరేసరికి నీరుగారిపోయింది. 2021 డిసెంబరులో జవాద్ కోసం ఉత్తరాంధ్రలో వేలమందిని ఇళ్లు ఖాళీ చేయించారు. అది పక్కకు తిరిగి పూరీ వైపు పోయి చల్లబడింది. శిబిరం నుంచి తిరిగొచ్చినవాళ్ల మాటలు నేను విన్నాను. "ఈసారి కదిలేది లేదు" అన్నారు. ప్రతిదానికీ రావొచ్చు, పోవొచ్చు అంటే నాన్నా పులి కథే. 2014లో విశాఖకు హుద్‌హుద్ వస్తుందని ఖాయంగా చెప్పారు, వచ్చింది. అలా ఖాయంగా చెప్పబట్టే కదా మేం కదిలాం.

డల్లాస్ బావ
ఇక్కడో పాత ముచ్చట. 2005 నవంబరు చివర్లో అట్లాంటిక్‌లో ఎప్సిలాన్ అని ఒకటి వచ్చింది. కింద నీళ్లు చల్లవి, పైన గాలి ఎదురు. మయామీలోని అమెరికా హరికేన్ కేంద్రంవాళ్లు ఇవాళో రేపో బలహీనపడుతుందని రోజూ రాయడం, అది డిసెంబరు 2 నుంచి 7 దాకా హరికేన్‌గానే (అక్కడ బలమైన తుపానును అలా అంటారు) ఉండటం. చివరికి, ఎందుకు బలపడిందో స్పష్టమైన కారణం లేదు, మేం కల్పించి చెప్పబోవడం లేదు అన్నట్టు బులెటిన్‌లోనే రాసేశారు. మనవాళ్లు అలా రాస్తే పరువు పోతుందా?

హుద్‌హుద్ చూసినదాన్ని
బావగారూ, అది నడిసముద్రంలో తిరిగింది. కింద ఊళ్లు లేవు. ఎవర్నీ ఖాళీ చేయించే పని లేనప్పుడు నిజాయితీ చౌకే.

ఉప్పాడ కెరటం
మాకు దాటినా దాటకపోయినా ఒకటే. అసాని ఇంకా దూరంగా ఉండగానే కాకినాడ బీచ్ రోడ్డును అలలు కోసేశాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరబోట్లు ఒడ్డునే ఉన్నాయి, బతికిపోయాం. అదే నవంబరులో ఇలాంటి అంచనా ఇస్తే నడిసంద్రంలో ఉన్నోళ్లు దేన్ని నమ్మాలి?

టెక్కలి తమ్ముడు
మా సున్నాపల్లి ఒడ్డుకు బంగారు రంగు రథం కొట్టుకొచ్చింది ఆ తుపానుకే. అదెవరూ అంచనా వేయలేదు 😀

పెడన వాసి
రథం సంగతి వేరే థ్రెడ్‌లో పెట్టు తమ్ముడూ. మేడం గారూ, ఇల్లు ఖాళీ చేయించడం, గాడి తవ్వుకోమనడం రెండూ ఒకటి కాదు. మొదటిదానికి ఖాయమైన మాట కావాలి, ఒప్పుకుంటా. రెండోదానికి పదిలో రెండు పాళ్ల అవకాశమన్నా చాలు. జనం ఫోన్లకొచ్చే మెసేజ్‌లో ఆ మాట ఉండాలి. గరాటు మ్యాపు కలెక్టరేట్‌లో ఉంటే మాకేం లాభం?

హుద్‌హుద్ చూసినదాన్ని
రైతులకు వేరే మెసేజ్ అయితే సరే. అందరికీ అదే పంపితే మాత్రం నేను ఒప్పుకోను.

దాళ్వా రైతు
అది సరేనండీ. ఇప్పుడు సార్వా (ఖరీఫ్ వరి) కోతకొచ్చింది. ఈ అల్పపీడనానికి కోయించమంటారా, ఆపమంటారా?

మబ్బుల లెక్క
అల్పపీడనం కేంద్రం ఇంకా కుదురుకోలేదు. ఇప్పుడెవరు దారి గీసినా నమ్మొద్దు. వాయుగుండం అయ్యాక వచ్చే బులెటిన్ చూసి నిర్ణయించుకోండి.

దాళ్వా రైతు
అప్పటికి కోత మిషను దొరకదండీ. రేపు పొద్దున్నే దింపుతున్నా.