బండి మలుపు తిరిగితే మనల్ని తలుపుకేసి నొక్కేది బలమా, కాదా?

వెనకసీటు:
మా అమ్మాయి దగ్గర ఇరుక్కుపోయాను, కాస్త తేల్చండి. బస్సు బ్రేక్ వేస్తే ముందుకి తూలుతాం, అది జడత్వం, ఇంతవరకూ గొడవ లేదు. కారు మలుపు తిరిగినప్పుడు పక్కకి ఒరిగిపోతాం కదా, అది మనల్ని మలుపు నుంచి బయటికి తోసే అపకేంద్ర బలం అని నేనెప్పుడో చెప్పానట. స్కూల్లో వాళ్ళ టీచర్ ఏమో "అది మిథ్యాబలం, అసలు లేదు" అన్నారట. లేనిదైతే తలుపుకి గుద్దుకున్న నా భుజం ఎందుకు నొప్పి పుట్టింది? ఒంటికి తెలుస్తోంది, కొలిస్తే లెక్క వస్తోంది, ఇంకేం కావాలి బలం అనడానికి? నా వాదన అదే. కాదనేవాళ్ళు రండి.

గోళీకాయ:
వచ్చాను. మీ టీచర్ చెప్పిందే కరెక్ట్. మిమ్మల్ని తలుపుకేసి ఎవరూ నొక్కలేదు. మీరు మీ దారిన తిన్నగా పోతున్నారు, కారు పక్కకి తిరిగింది, తలుపు వచ్చి మీకు తగిలింది, తగిలి మిమ్మల్ని లోపలివైపుకి తోసింది. నొప్పి ఆ తోపుడుది. తాడుకి రాయి కట్టి తిప్పి వదలండి. బయటికి లాగే బలం నిజంగా ఉంటే, వదలగానే రాయి చేతి నుంచి సూటిగా దూరంగా పోవాలి కదా? పోదు. వదిలిన క్షణంలో ఎటు కదులుతోందో అటే, వృత్తాన్ని ఆ చోట తాకుతూ పోయే తిన్నని గీత, అంటే స్పర్శరేఖ వెంటే పోతుంది. వాషింగ్ మెషీన్‌లో బట్టలు పిండేదీ ఇదే. డ్రమ్ము వ్యాసార్ధం 25 సెంటీమీటర్లు, నిమిషానికి 1200 చుట్లు అనుకుంటే బట్టని వంచి తిప్పడానికి గోడ ఇచ్చే త్వరణం గురుత్వానికి దాదాపు 400 రెట్లు. చిల్లు ఉన్నచోట నీటిని వంచే గోడ లేదు కాబట్టి నీళ్ళు తిన్నగా బయటికి పోతాయి. నీళ్ళని ఎవరో బయటికి తోస్తున్నారని కాదు.

వెనకసీటు:
బాగుంది, కానీ ఇదంతా మీరు రోడ్డు పక్కన ఫుట్‌పాత్ మీద నిలబడి చెప్తున్నారు. నేను కారులో కూర్చున్నాను కదండీ. కారులోంచి చూస్తే నేను కదలకుండానే ఉన్నాను, తలుపూ కదలడం లేదు, ఉన్నట్టుండి నేను పక్కకి జారాను. ఫుట్‌పాత్ వాడి మాటే ఎందుకు నిజం కావాలి?

నిద్రమొహం:
బలమో కాదో మీరు తేల్చేలోపు నేను సీటుబెల్టు పెట్టుకుంటా.

పాతసుద్ద:
ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి, రెండు మాటలు చెప్తాను, ఎక్కువైతే క్షమించాలి. ఈ తికమక ఇవాళ్టిది కాదు. జడత్వాన్ని ఇంగ్లీషులో ఇనెర్షియా అంటాం, ఆ లాటిన్ మాటకి సోమరితనం అని అర్థం. దాన్ని భౌతికశాస్త్రంలోకి తెచ్చిన ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ ఉద్దేశం, తోయడం ఆపితే వస్తువు తనంతట తాను ఆగిపోతుందని. మన 'జడత్వం'లోనూ ఆ వాసనే ఉంది, జడుడు అంటే మందకొడి కదా. అందుకే పిల్లలు ఆగి ఉన్నది కదలనంటుంది అనేదాన్ని వెంటనే ఒప్పుకుంటారు, కదిలేది ఆగనంటుంది అంటే మాత్రం అనుమానంగా చూస్తారు. పలుపు తెంచుకున్న గిత్తలా దాన్ని ఊహించుకోమనేవాణ్ణి నేను. 1640లో ఫ్రెంచి తత్వవేత్త గసెండి కదులుతున్న ఓడ తెరచాప స్తంభం మీదనుంచి గుండు వదిలిస్తే అది వెనక్కి పడకుండా స్తంభం మొదట్లోనే పడింది, ఎందుకంటే ఓడ వేగం గుండుకీ ఉంది. అంతా అయ్యాక 1687లో న్యూటన్ కూడా జడత్వాన్ని 'విస్' అనే అన్నాడు, అంటే బలం! కాబట్టి వెనకసీటు గారు మరీ సిగ్గుపడక్కర్లేదు.

అయితే పేరు ఏదైనా పరీక్ష ఒకటుంది. న్యూటన్ మూడో నియమం ప్రకారం ప్రతి బలానికీ జత ఉండాలి. తలుపు మిమ్మల్ని తోస్తోంది, మీరు తలుపుని తోస్తున్నారు, అదొక జత. మరి మిమ్మల్ని తలుపు వైపు లాగే ఆ అపకేంద్ర బలానికి జత ఏది? మీరు తిరిగి దేన్ని లాగుతున్నారు? ఏదీ లేదు. మిథ్య అనడం అందుకే. మిథ్య అంటే బొత్తిగా లేదని కాదండోయ్, తాడు పాములా కనిపించినట్టు, చూసే చోటుని బట్టి ఉంటుందని.

వెనకసీటు:
మాస్టారూ, తాడూ పామూ సరే. కానీ గోళీకాయ గారు నిలబడ్డ ఫుట్‌పాత్ కూడా తిరుగుతున్న బండే కదా! భూమధ్యరేఖ దగ్గర నేల గంటకి దాదాపు 1670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. అక్కడ g, అంటే గురుత్వ త్వరణం, 9.78, ధ్రువాల దగ్గర 9.83. ఈ తేడాలో ఎక్కువ భాగం ఆ తిరగడం వల్లే, మిగతాది భూమి నడుము ఉబ్బెత్తుగా ఉండటం వల్ల. వాతావరణం అంచనా వేసేవాళ్ళు రోజూ, భూమి తిరగడం వల్ల గాలుల్ని పక్కకి మళ్ళించే కొరియోలిస్ బలాన్ని లెక్కలో వేస్తారు, అదీ మీ మిథ్యాబలాల జాతే. అది లేకుండా తుఫాను సుడి ఎటు తిరుగుతుందో చెప్పమనండి చూద్దాం.

గోళీకాయ:
లేకుండానూ చెప్పొచ్చు, లెక్క పెద్దదవుతుంది అంతే. అది సౌకర్యం, నిజం కాదు. ఇంతకీ ఇది చెప్పండి: కారులో దారానికి కట్టిన హీలియం బెలూన్ ఉంది, అద్దాలన్నీ మూసి ఉన్నాయి, సడన్ బ్రేక్ వేశారు. మీరు ముందుకి తూలారు, బెలూన్ మాత్రం వెనక్కి పోయింది. మీ 'ముందుకి తోసే బలం' దాన్ని వెనక్కి ఎందుకు తోసింది?

వెనకసీటు:
హహ, ఇది నాకే కలిసొచ్చింది. కారులోంచి చూస్తే బ్రేక్ వేసినంతసేపూ 'కింద' అనే దిక్కు ముందుకి ఒరిగింది. గాలికంటే తేలికైనది పైకి పోవాలి, 'పైకి' అంటే ఇప్పుడు వెనక్కి. ఒక్క ముక్కలో అయిపోయింది. మీ దారిలో చెప్పండి.

గోళీకాయ:
గాలికీ జడత్వం ఉంది, ముందువైపుకి సర్దుకుంటుంది, అక్కడ పీడనం పెరిగి బెలూన్‌ని వెనక్కి తోస్తుంది. సరే, మీది పొట్టిగా ఉంది, ఒప్పుకుంటా. బలం అని మాత్రం ఒప్పుకోను.

స్టీరింగ్‌రాణి:
మీ ఇద్దరిదీ జవాబు ఒకటే వచ్చిందిగా, మరి కొట్లాట దేనికి? అసలు తప్పు జరిగేది రెండూ కలిపేసినప్పుడు. స్టూడెంట్లు ఫుట్‌పాత్ బొమ్మ గీసి, అందులో లోపలికి తాడు లాగుడూ బయటికి అపకేంద్ర బలమూ రెండూ వేసి, సమానం కాబట్టి కొట్టేస్తారు. మొత్తం బలం సున్నా అయితే రాయి తిన్నగా పోవాలి కదా, గుండ్రంగా ఎందుకు తిరుగుతోంది అంటే నోరు తెరుస్తారు. ఒక బొమ్మలో ఒక చోటు నుంచే చూడాలి, కారులో కూర్చుంటే కారులోనే కూర్చోండి.

నాకు కోపం తెప్పించేది వేరే ఉంది. "పిల్లాణ్ణి ఒళ్ళో గట్టిగా పట్టుకుంటాలెండి" అనే మాట. గంటకి 50 కిలోమీటర్లు, అంటే సెకనుకి దాదాపు 14 మీటర్లు. గుద్దుకుని అర మీటరులో ఆగామనుకోండి, పదికిలోల పిల్లాణ్ణి ఆపడానికి మీ చేతులు ఇవ్వాల్సిన బలం 1900 న్యూటన్లు పైమాటే, ఇంచుమించు 200 కిలోల మూట ఎత్తినట్టు. ఎవరెత్తగలరు? అదీ మీరు సీటుకి కట్టేసి ఉంటేనే, లేకపోతే మీ బరువు కూడా పిల్లాడి మీదే. పది సెంటీమీటర్లలో ఆగితే అయిదు రెట్లు. బెల్టు గొప్పతనం కదలకుండా బిగించడం ఒక్కటే కాదు, కారు ముందుభాగం నలుగుతుంటే దానితోపాటు మనల్నీ కాస్త దూరం తీసుకెళ్ళి ఆపుతుంది. 1959లో ఇంజనీరు నీల్స్ బోలిన్ వోల్వో కార్లకి మూడు చోట్ల బిగించే బెల్టు తెచ్చింది ఈ దెబ్బని ఛాతీకీ నడుముకీ పంచడానికే. ఇక్కడ బలం నిజమా మిథ్యా అని ఎముకలు అడగవు.

నిద్రమొహం:
నేను ముందే చెప్పా.

పాతసుద్ద:
స్టీరింగ్‌రాణి గారూ, బాగా చెప్పారమ్మా. ఒక్కటి కలుపుతాను. ఫోన్‌లో త్వరణం కొలిచే సెన్సర్ ఉంటుంది. అది తనని నిజంగా ఎవరైనా తోస్తేనే చూపిస్తుంది. మలుపులో డాష్‌బోర్డుకి బిగించి చూడండి. కొన్ని ఫోన్లలో ప్లస్ మైనస్ తిరగేసి ఉంటాయి, కాబట్టి ముందు టేబుల్ మీద పెట్టి 'పైకి' దేన్ని అంటోందో చూసుకోండి.

వెనకసీటు:
చూశాం మాస్టారూ, నేనూ మా అమ్మాయీ. ఖాళీ స్థలంలో నెమ్మదిగా గుండ్రంగా తిప్పాం. లోపలివైపే చూపించింది, బయటికి కాదు.

గోళీకాయ:
అయితే ఒప్పుకున్నట్టేనా?

వెనకసీటు:
ఆగండి. టేబుల్ మీద ఊరికే పడుకున్న ఫోన్ 9.8 పైకి అంటోంది, అంటే టేబుల్ తోపుడు. పరుపు మీదకి వదిలితే పడుతున్నంతసేపూ దాదాపు సున్నా. మరి గురుత్వం ఏదీ? ఈ ఫోన్ మాటే సాక్ష్యమైతే అపకేంద్ర బలంతోపాటు గురుత్వాన్నీ మిథ్య అనాలి. రెండూ ద్రవ్యరాశిని బట్టే ఉంటాయి కూడా. మా అమ్మాయి అడిగింది ఈ మాట, నేను కాదు.

పాతసుద్ద:
పాపకి నా ఆశీస్సులు. 1907లో ఐన్‌స్టీన్‌ది కూడా సరిగ్గా ఈ దారే: పడిపోతున్న మనిషికి తన బరువు తెలియదు.

గోళీకాయ:
పరీక్షలో అలా రాస్తే సున్నా వేస్తారు.

వెనకసీటు:
అది సరే, గురుత్వానికి మీ జవాబేంటి?