ఘాట్ రోడ్డు మీద మొదటిసారి నడపాలి, చాలా భయంగా ఉంది. ప్లాన్ ఎలా వేసుకోవాలి?

కొత్త_స్టీరింగ్:

నమస్కారం అండి. నాకు లైసెన్సు వచ్చి 8 నెలలైంది. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడం, రెండుసార్లు హైవే మీద వంద కిలోమీటర్ల లోపు వెళ్లడం, ఇదే నా అనుభవం. వచ్చే నెల అమ్మానాన్నలను, ఆరేళ్ల మా బాబును తీసుకుని ఒక కొండ ఊరికి వెళ్లాలి. మొత్తం 190 కిలోమీటర్లు, అందులో చివరి 48 ఘాట్ రోడ్డు. మ్యాప్ నాలుగున్నర గంటలు చూపిస్తోంది. నాన్నకు డ్రైవింగ్ వచ్చు గానీ కంటి ఆపరేషన్ తర్వాత మానేశారు. అంటే స్టీరింగ్ మొత్తం నాదే.

వీడియోలు చూసిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది. ఎత్తులో ముందు బండి ఆగితే, నేను మళ్లీ కదిలించేలోపు కారు వెనక్కి జారిపోతుందేమో. హెయిర్‌పిన్ బెండ్ మధ్యలో ఎదురుగా బస్సు వస్తే ఏం చేయాలి? వెనక హారన్ కొడితే నాకు చేతులు ఆడవు. కారు పెట్రోల్, మాన్యువల్, టర్బో (ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) లేదు, ఐదేళ్ల పాతది. డ్రైవర్‌ను పెట్టుకోవచ్చు, కానీ ఈసారి నేనే నడపాలని ఉంది. నడిపినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

హ్యాండ్‌బ్రేక్_అన్న:

మొదటి భయానికి మందు ప్రాక్టీసే తల్లీ. బండ్లు తిరగని ఎత్తు రోడ్డు ఒకటి చూసుకో. కారు ఆపి హ్యాండ్ బ్రేక్ లాగు. ఫస్ట్ గేరు వేసి క్లచ్ నెమ్మదిగా వదులు. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ కొంచెం పైకి లేచినట్టు అనిపిస్తుంది. పాదం అక్కడే నిలిపి, కాస్త యాక్సిలరేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. వెనక్కి జారదు. 30 సార్లు చెయ్యి. ఇంకో మాట, ఖాళీ కారుతో చేసి సరిపెట్టుకోకు. నలుగురు మనుషులు, సామాను ఉన్న కారు వేరేలా కదులుతుంది. నీళ్ల డబ్బాలు నింపి వెనక పెట్టుకుని ప్రాక్టీస్ చెయ్యి.

పై_మలుపు:

నేను 41 ఏళ్లకు డ్రైవింగ్ నేర్చుకున్నాను. మొదటి ఘాట్ ప్రయాణానికి ముందు నావీ ఇవే మూడు భయాలు. మూడూ ఎక్కడం గురించే, చూడండి. దిగడం గురించి నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు, అక్కడే ప్రమాదంలో పడ్డాను. అందుకే మీరు అడగని దానితోనే మొదలుపెడుతున్నాను.

ఎక్కడం బాగానే ఎక్కాను. తిరుగు ప్రయాణంలో ధైర్యం వచ్చేసింది. నాలుగో గేరులో, కాలు బ్రేకు మీద నుంచి తీయకుండా, పది పదకొండు కిలోమీటర్లు దిగాను. ముందు ఏదో మాడిన వాసన. ముందు వెళ్తున్న లారీదేమో అనుకున్నాను. తర్వాత ఒక మలుపు దగ్గర బ్రేకు తొక్కితే, మామూలుగా సగంలోనే పట్టే పెడల్ మెత్తగా అడుగుదాకా వెళ్లిపోయింది. మూడో గేరుకు, రెండో గేరుకు దించి, పెడల్‌ను మళ్లీ మళ్లీ తొక్కుతూ, కొండ వైపు కాస్త వెడల్పు ఉన్నచోట ఎలాగో ఆపాను. దిగి ముందు చక్రం దగ్గర చెయ్యి పెడితే, జానెడు దూరం నుంచే సెగ తగిలింది. మా పాప "అమ్మా, కారుకు జ్వరం వచ్చిందా" అని అడిగింది. నా నోట మాట రాలేదు. నీళ్లు పోస్తే డిస్కులు వంగిపోయే ప్రమాదం ఉందని అక్కడ ఆగిన ఒక పెద్దాయన ఆపారు. ముప్పావు గంట ఊరికే నిలబడ్డాం.

తర్వాత అర్థమైంది. బ్రేకు అదేపనిగా తొక్కితే ప్యాడ్లు, డిస్కులు కాలిపోయేంత వేడెక్కి పట్టు తగ్గుతుంది. పైగా బ్రేక్ ఆయిల్ ఏళ్లు గడిచేకొద్దీ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిల్ త్వరగా మరిగి బుడగలు కడుతుంది. అప్పుడు మీరు తొక్కేది ఆ బుడగలనే, బ్రేకు పట్టదు. మీ కారు ఐదేళ్లది అన్నారు. బ్రేక్ ఆయిల్ మార్చి రెండేళ్లు దాటి ఉంటే బయలుదేరే ముందే మార్పించండి. ప్యాడ్లు, టైర్లు కూడా చూపించండి.

ఇక దిగేటప్పుడు వాలు మొదలవకముందే గేరు తగ్గించాలి. నిటారుగా ఉంటే రెండో గేరు, బాగా నిటారైతే ఒకటి. కారును ఇంజినే పట్టి ఉంచుతుంది. వేగం పెరిగినప్పుడు మాత్రం బ్రేకు గట్టిగా ఒకసారి తొక్కి, వేగం తగ్గగానే పూర్తిగా వదిలేయండి, చల్లారే టైం దొరుకుతుంది. రెండో గేరులో దిగుతుంటే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది. కొత్తవాళ్లు ఆ శబ్దానికి బెదిరిపోయి గేరు పెంచేస్తారు. నేను చేసిందీ అదే. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటర్‌లోని ఎర్ర గీతకు (రెడ్ లైన్) దూరంగా ఉన్నంతవరకు ఆ అరుపు ఇంజిన్‌కు ఏ హానీ చేయదు. న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దింపకండి. ఇంజిన్ ఆపి అసలే వద్దు. స్టీరింగ్ బరువెక్కుతుంది, రెండు మూడు తొక్కుల తర్వాత బ్రేకు కూడా బండలా అయిపోతుంది.

టైం సంగతి. మ్యాప్ చూపించే నాలుగున్నర గంటలు నమ్మకండి. ఘాట్‌లో కొత్తవాళ్లకు గంటకు 20 కిలోమీటర్లు మంచి వేగమే. ఆ 48 కిలోమీటర్లకే రెండున్నర గంటలు వేసుకోండి, మధ్యలో రెండుసార్లు ఆగితే మూడు. 140 కిలోమీటర్లు నడిపి అలసిపోయాక ఘాట్ ఎక్కడం నాకు నచ్చదు. వీలైతే ముందురోజు కొండ కిందే పడుకోండి, పొద్దున్నే కిందినుంచి మొదలుపెట్టండి. కొండ మధ్య సూర్యుడు త్వరగా చాటుకు వెళ్లిపోతాడు, అస్తమయానికి చాలా ముందే రోడ్డు మీద నీడ పడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కూడా చీకటి పడేలోపు ఘాట్ దాటేలా లెక్క వేసుకోండి. వానలు గట్టిగా పడుతుంటే ఒకరోజు ఆగిపోండి. ఈ మాట ఇంట్లో ముందే చెప్పి ఒప్పించండి. అక్కడికి వెళ్లాక చెబితే ఎవరూ వినరు.

హెయిర్‌పిన్‌లో బస్సు: పొడుగు బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు మలుపు లోపలికి కోసుకుంటూ వస్తాయి, దానికి రోడ్డంతా కావాలి. కాబట్టి మలుపులోకి వెళ్లకముందే చూసుకోవాలి. పై వరస రోడ్డు కనబడుతుంది కదా, అక్కడ బస్సు దిగుతుంటే మలుపుకు 20 మీటర్ల ముందే ఆగి పోనివ్వండి. ముందు కనబడని మలుపుల్లో చిన్న హారన్ కొట్టండి. ఇరుకు రోడ్డులో ఎక్కే బండికే దారి ఇవ్వాలన్నది చాలాచోట్ల పాటించే పద్ధతి. దిగేటప్పుడు అది మీ బాధ్యత అవుతుంది.

వెనక హారన్ కొట్టేవాళ్ల కోసం వేగం పెంచకండి. రోడ్డు వెడల్పైన చోట పక్కకు తీసి, ఇండికేటర్ వేసి పంపేయండి. ఎక్కడ వెడల్పుందో చూసే పని మీ నాన్నగారికి అప్పగించండి. నడిపిన మనిషి కాబట్టి ఆయన కన్ను పట్టేస్తుంది. అమ్మగారు "నెమ్మది, నెమ్మది" అని పదేపదే అనకుండా మాట తీసుకోండి. ఆమెది ప్రేమే, కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నా భుజాలు బిగుసుకుపోయేవి.

టర్బో_లేదు:

ఒక చిన్న సంగతి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడుతుంది. టర్బో లేని ఇంజిన్‌కు ప్రతి 1000 మీటర్లకు దాదాపు 10 శాతం పవర్ తగ్గుతుంది. కాబట్టి పైకి వెళ్లాక కారు ఈడ్చినట్టు ఉంటే, అది మీ తప్పు కాదు, కారు పాడైపోలేదు. ఒక గేరు తగ్గించండి, నిటారుగా ఉన్నచోట ఏసీ ఆపేయండి. పొగమంచు పడితే హై బీమ్ వేయకూడదు, వెలుగు మంచు మీద పడి మన కళ్లలోకే కొడుతుంది. లో బీమ్ చాలు.

కొత్త_స్టీరింగ్:

అందరికీ చాలా థాంక్స్ అండి. అక్కా, మీ కారు జ్వరం సంగతి ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. బ్రేక్ ఆయిల్ ఎప్పుడు మార్చామో ఎవరికీ గుర్తు లేదు. సర్వీస్ బిల్లులు వెతికితే మూడేళ్లు దాటింది. శనివారం మార్పిస్తున్నాం.

నిన్న అన్న చెప్పినట్టు నాలుగు నీళ్ల డబ్బాలు వేసుకుని ఎత్తు రోడ్డు మీద ప్రాక్టీస్ చేశాను. మొదటి ఆరుసార్లు ఆగిపోయింది. ఏడోసారికి ఆ బానెట్ లేవడం తెలిసింది. తర్వాత ఇరవై సార్లు జారలేదు. దిగేటప్పుడు రెండో గేరు అరుపు విని ఒకసారి గేరు మార్చబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ప్రయాణం రెండు రోజులుగా చీల్చాం, మొదటి రాత్రి కొండ కిందే. అమ్మ మాట్లాడనని మాట ఇచ్చింది, ఎంతవరకు నిలబెట్టుకుంటుందో చూడాలి. నాన్న నిన్నటినుంచి మ్యాప్‌ను పెద్దది చేసి చూస్తూ, ఆగడానికి వీలున్న చోట్లన్నీ నోట్‌బుక్‌లో రాస్తున్నారు. ఇప్పటికి 14 అయ్యాయి. తిరుగు దారి పేజీలో అన్నిటికన్నా పైన ఎర్ర పెన్నుతో "రెండో గేరు" అని రాసి, కింద రెండు గీతలు గీశారు.