'యుద్ధఖైదీ', 'ఖైదీ', 'నిర్బంధితుడు': గ్వాంటనామోలో ఉంచినవాళ్లని ఏమనాలి?

క్యూబాలోని అమెరికా సైనిక స్థావరం గ్వాంటనామోలో నడిచే చెరసాల మీద వ్యాసం ఒకటి తెలుగు చేస్తున్నాను. అందులో అడుగడుగునా 'డీటెయినీ' అన్న మాట. మొదట 'యుద్ధఖైదీ' అని రాసుకుంటూ పోయి, సగమయ్యాక అన్నీ కొట్టేశాను. ఎందుకో చెప్తాను, తప్పయితే దిద్దండి.

యుద్ధఖైదీ అన్నది ఒక హోదా. 1949 నాటి మూడో జెనీవా ఒప్పందం ప్రకారం ఆ హోదా ఉన్నవాడు ప్రశ్నించేవాళ్లకి చెప్పి తీరాల్సింది పేరు, ర్యాంకు, పుట్టిన తేదీ, సైనిక నంబరు, అంతే. పోరు ఆగాక అతన్ని ఇంటికి పంపేయాలి. హోదా ఉందా లేదా అని అనుమానం వస్తే, ట్రిబ్యునల్ తేల్చేదాకా ఉన్నట్టే చూడాలి. 2002 జనవరి 11న మొదటి 20 మందిని గ్వాంటనామోలో దించారు. ఫిబ్రవరి 7న అమెరికా అధ్యక్షుడు బుష్ సంతకం చేసిన ఆదేశం అల్ ఖైదా వాళ్లకీ తాలిబన్లకీ ఆ హోదా లేదంది. లేదన్న హోదానే మనం పేరుగా రాస్తే, ఆ హక్కులన్నీ వాళ్లకి దక్కాయనే చదివేవాళ్లు అనుకుంటారు.

పోనీ 'ఖైదీ' అందామా? అరబ్బీ 'ఖైద్' అంటే కట్టు, సంకెల. మూలం చూస్తే సరిపోతుంది. కానీ వాడుకలో ఖైదీ అనగానే నేరం రుజువై శిక్ష పడ్డవాడే మనసులో మెదులుతాడు. అక్కడ ఉంచిన దాదాపు 780 మందిలో చాలామంది మీద అసలు కేసే పెట్టలేదు.

అందుకే 'నిర్బంధితుడు' దగ్గర ఆగాను. నోటికి బరువే. కానీ పట్టి ఉంచారన్న సంగతికి మించి ఆ మాట ఏమీ చెప్పదు.

నన్ను బాగా కలచివేసింది ఇంకోటి. అక్కడున్నవాళ్లు 'శత్రు యోధులు' అవునో కాదో తేల్చడానికి 2004లో అమెరికా సైన్యం తన సొంత ట్రిబ్యునళ్లు పెట్టింది. వాటి ముందు నిర్బంధితుడికి లాయర్ ఉండేవాడు కాదు. అక్కడ బయటపడ్డ 38 మంది గురించి రాసింది 'ఇకపై శత్రు యోధుడు కాడు' అని. ఆ 'ఇకపై' చూడండి. నిన్నటిదాకా శత్రువేనన్నమాట! 'కాడు' అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటతో, పట్టుకోవడంలో తమ తప్పేం లేదని రాసేసుకున్నారు.

వ్యాఖ్య: 'చెరలో ఉన్నవాళ్లు' అంటే ఎలా ఉంటుందండీ? అందరికీ తెలిసిన మాట. హెబియస్ కార్పస్‌ని ఏం చేశారు?

జవాబు: 'చెర' చాలా బావుందండీ. హోదా గురించి చెప్పే వాక్యాల్లో మాత్రం 'నిర్బంధితుడు' ఉంచుతాను. హెబియస్ కార్పస్‌కి పుస్తకాల్లో 'బందీ ప్రత్యక్షం' అని ఉంది. ప్రత్యక్షం అంటే దేవుడు గుర్తొస్తాడు. 'మనిషిని కోర్టు ముందు నిలబెట్టి, ఎందుకు పట్టుకున్నారో చెప్పమని అడిగే హక్కు' అని విడమరిచి రాశాను. 2008 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు బూమెదియన్ అనే నిర్బంధితుడి కేసులో 5-4 తేడాతో గ్వాంటనామో వాళ్లకి ఆ హక్కు ఉందంది. బోస్నియాలో పట్టుకున్న ఆ అల్జీరియా మనిషి 2009 మేలో విడుదలై ఫ్రాన్స్ చేరాడు.

అఫ్గానిస్తాన్‌లోని బాగ్రామ్ సైనిక జైలు నుంచి ముగ్గురు అదే హక్కు అడిగితే, అది యుద్ధం నడుస్తున్న చోటంటూ 2010లో అప్పీలు కోర్టు కాదంది. ఆ పేరాలో మీ 'చెర' పెట్టుకున్నాను.